కడుపులో బిడ్డ కోసం వెలుతురు పరికరాలు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏది కొనొచ్చు, దేనికి ఆగాలి

వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూసినట్టే పొట్ట మీద ఏదో ఒకటి అతికించి లోపలి బిడ్డ ఆక్సిజన్ కూడా చూడొచ్చా? నెల్లూరు పొగతోటలో మెడికల్ షాపులవాళ్లనూ, ఒంగోలులో చిన్న నర్సింగ్ హోములకు మిషన్లు సరఫరా చేసేవాళ్లనూ జనం ఈ మధ్య అడుగుతున్న మాట ఇది. ముందే సూటిగా చెప్పేస్తాం. రోజువారీ కాన్పుల్లో వాడటానికి అలాంటి పరికరం ఇంకా రాలేదు. ఉందని చెప్పి ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

అయితే వెలుతురుతో పనిచేసే పరికరాలు ఇప్పటికే మన ఊళ్లలో ఉన్నాయి. అవి బిడ్డను చూడవు, తల్లిని చూస్తాయి. బిడ్డకు చేరే ప్రాణవాయువు అంతా తల్లి రక్తంలోంచి మాయ దాటి రావలసిందే కాబట్టి, తల్లిని సరిగ్గా చూస్తే బిడ్డకు జరగబోయే హానిని చాలావరకు ముందే పట్టుకోవచ్చు. ఈ సమీక్షలో మొదట ఆ పరికరాలను తూకం వేస్తాం. తర్వాత బిడ్డనే నేరుగా చూస్తామంటూ వచ్చినవాటి సంగతి.

అన్నిటికంటే ఎక్కువ మార్కులు రక్తం శాతం, అంటే హీమోగ్లోబిన్, చూసే చేతి మీటరుకు ఇస్తున్నాం. సబ్‌సెంటర్లో ఏఎన్‌ఎం వేలికి సూది గుచ్చి, చిన్న ప్లాస్టిక్ క్యూవెట్‌లోకి చుక్క పీల్చి, మిషన్‌లో పెడితే నిమిషం లోపు అంకె వచ్చే పరికరమే ఇది. చాలామందికి ఇది వెలుతురు పరికరమని తోచదు. లోపల జరిగేది వెలుతురు లెక్కే. హీమోక్యూ కంపెనీ 201 రకంలో క్యూవెట్ లోపలి గోడకు పూసిన మందు ఎర్రకణాలను పగలగొట్టి, హీమోగ్లోబిన్‌ను అజైడ్‌మెట్‌హీమోగ్లోబిన్‌గా మారుస్తుంది. దాని గుండా 570 నానోమీటర్ల (నానోమీటరు అంటే వెలుతురు అలపొడవు కొలత, రంగును బట్టి మారుతుంది) వెలుతురు పంపి ఎంత తగ్గిందో కొలుస్తారు. 880 నానోమీటర్ల దగ్గర రెండోసారి కొలిచి, రక్తంలో కొవ్వు వల్లో తెల్లకణాల వల్లో వచ్చే మసకను తీసేస్తారు. అవసరమైన రక్తం 10 మైక్రోలీటర్లు. ఒకప్పుడు శాహ్లి గొట్టంలో 20 మైక్రోలీటర్ల రక్తాన్ని పలుచటి ఆసిడ్‌లో కలిపి, రంగు తేరేదాకా ఆగి, నీళ్లు చుక్కలు చుక్కలుగా పోస్తూ పక్క గాజుపలక రంగుతో కంటికి పోల్చేవారు. కిటికీ దగ్గర నిలబడితే ఒక అంకె, ట్యూబ్‌లైట్ కింద ఒక అంకె వచ్చేది. ఆ పని కంటి నుంచి మిషన్‌కు మారడమే పెద్ద మేలు.

మీటరు ఎంత మంచిదైనా చుక్క తీసే తీరు చెడితే అంకె చెడుతుంది. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే కనుక కాస్త వివరంగా చెబుతాం. మధ్యవేలు గానీ ఉంగరపు వేలు గానీ ఎంచుకోవాలి, ఉంగరం ఉన్న వేలు వద్దు. చెయ్యి చల్లగా ఉంటే గోరువెచ్చటి నీళ్లతో కడిగించాలి. స్పిరిట్ దూది తుడిచాక పూర్తిగా ఆరనివ్వాలి. తడి మిగిలితే చుక్క పలచబడి శాతం తక్కువ చూపిస్తుంది. గుచ్చేది వేలి కొస మధ్యలో కాదు, పక్కగా. రక్తం దానంతట అది రావాలి. గట్టిగా పిండితే కండలోని నీరు కలిసి అంకె మళ్లీ తగ్గుతుంది. మొదటి 2, 3 చుక్కలు పొడి దూదితో తుడిచేసి, ఆ తర్వాతి పెద్ద చుక్కకు క్యూవెట్ మొన ఆనించాలి. ఒకే పీల్పులో నిండాలి. సగం నిండాక తీసి మళ్లీ ఆనించి నింపితే ఆ క్యూవెట్ పారేయడమే. నిండాక బయట అంటిన రక్తాన్ని తుడవాలి, కానీ దూది క్యూవెట్ నోటికి తగలకూడదు. తగిలితే లోపలి రక్తాన్ని లాగేస్తుంది. క్యూవెట్ నడిమి కన్నులో బుడగ కనిపిస్తే అంకె తక్కువ వస్తుంది. బయట రక్తపు మరక ఉండిపోతే ఎక్కువ వస్తుంది.

ఇక ఎండ. నెల్లూరు మే నెల సంగతి చెప్పనక్కర్లేదు. 201 రకం క్యూవెట్లను 15 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలి. పైగా లోపలి మందు గాలిలోని తేమను పీల్చుకునేది. డబ్బా మూత తెరిచి పక్కన పెట్టి వరసగా పదిమందికి చూస్తే, చివరి క్యూవెట్లు చెమ్మగిల్లి ఉంటాయి. మధ్యాహ్నం స్కూటీ డిక్కీలో వదిలేసిన డబ్బా మీద నమ్మకం పెట్టుకోకూడదు. తెరిచిన తేదీ డబ్బా మీద పెన్నుతో రాయాలి, 3 నెలలు దాటితే తీసేయాలి. సముద్రతీరపు ఉక్క ఉన్న ఊళ్లకు మందు పూత లేని 301 రకం మేలు. అది 506, 880 నానోమీటర్ల వెలుతురుతో మామూలు హీమోగ్లోబిన్‌నే చదువుతుంది, 40 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, తేమకు పాడవదు. అయితే నింపిన క్యూవెట్‌ను వెంటనే మిషన్‌లో పెట్టాలి. ఇందుకూరుపేటలోనో కొత్తపట్నంలోనో సబ్‌సెంటర్‌కు కొనేవాళ్లు ధరకంటే ముందు ఈ తేడా చూడాలి.

అంకె ఎలా చదవాలి? గర్భిణికి 100 మిల్లీలీటర్ల రక్తంలో హీమోగ్లోబిన్ 11 గ్రాములు, ఆపైన ఉంటే సరే. 10 నుంచి 10.9 దాకా కొద్దిపాటి రక్తహీనత, 7 నుంచి 9.9 దాకా మధ్యరకం, 7 కంటే తక్కువైతే తీవ్రం. వేలి చుక్కకూ చుక్కకూ ఒక గ్రాము దాకా తేడా రావడం మామూలే. అందుకే పోయిన నెల 10.8, ఈ నెల 10.4 అని కంగారు పడనక్కర్లేదు, 11.2 వచ్చిందని మాత్రలు ఆపనూ కూడదు. కొద్దిపాటి, మధ్యరకం రక్తహీనతకు రోజుకు రెండు ఐరన్ మాత్రలు వాడించాక కూడా నెలలో ఒక గ్రాము పెరగకపోతే పై ఆసుపత్రికి పంపాలి. 7 కంటే తక్కువ వస్తే నరం నుంచి తీసిన రక్తంతో ల్యాబ్‌లో ఖాయం చేసుకోవాలి, కానీ ఆ రిపోర్టు కోసం ప్రయాణం ఆపకూడదు. నెలలు నిండే దశలో 7 లోపు ఉన్న మనిషిని ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో నొప్పులు మొదలయ్యాక బయల్దేరదీయడం అంటే ఇద్దరి ప్రాణాలను రోడ్డు మీద పెట్టడమే. ఉదయగిరి నుంచి నెల్లూరు పెద్దాసుపత్రి సుమారు 100 కిలోమీటర్లు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టరు పరీక్ష ఉంటుంది. ఆ రోజు ఈ అంకె కార్డులో ఎక్కేలా చూసుకోండి.

ఈ మీటరుకు ఐదుకు నాలుగున్నర ఇస్తున్నాం. తగ్గిన అర మార్కు పరికరానిది కాదు, క్యూవెట్లు అయిపోయినప్పుడు ఖాళీగా పడి ఉండే మిషన్ది. కొనేముందు ఏడాదికి సరిపడా క్యూవెట్లు ఎవరు, ఎన్నాళ్లకోసారి తెచ్చిస్తారో రాతలో తీసుకోవాలి. ఒక కంపెనీ క్యూవెట్ మరో కంపెనీ మిషన్‌లో చదవదు.

ఇక వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటరు. దీని అసలు సూత్రాన్ని 1974లో జపాన్ ఇంజనీరు టకువో అయోయాగి కనిపెట్టాడు. ఎరుపు, పరారుణ రంగుల వెలుతురు రెండింటినీ వేలి గుండా పంపి, నాడి కొట్టుకున్నప్పుడల్లా కొద్దిగా పెరిగి తగ్గే భాగాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే, చర్మం, ఎముక, కండ పక్కకు పోయి ధమని రక్తం ఒక్కటే మిగులుతుంది. వెయ్యి రూపాయలు అటూ ఇటూగా దొరికే ఈ క్లిప్పు తల్లి ఆక్సిజన్‌ను చూపిస్తుంది. బిడ్డది కాదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

క్లిప్పు 98 చూపించగానే "బిడ్డకు ఢోకా లేదు" అనుకోవడం ప్రమాదకరమైన పొరపాటు. లెక్క చూడండి. ఒక గ్రాము హీమోగ్లోబిన్ పూర్తిగా నిండితే 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. హీమోగ్లోబిన్ 12 గ్రాములున్న తల్లికి 98 శాతం అంటే ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 15.8 మిల్లీలీటర్ల ఆక్సిజన్. హీమోగ్లోబిన్ 6 గ్రాములే ఉన్న తల్లికి కూడా క్లిప్పు అదే 98 చూపిస్తుంది, కానీ ఆమె రక్తంలో ఉన్నది 7.9 మిల్లీలీటర్లే. సగం. ఉన్న హీమోగ్లోబిన్‌లో ఎంత భాగం నిండిందో క్లిప్పు చెబుతుంది, అసలు ఎంత ఉందో చెప్పదు. అందుకే రక్తం మీటరు లేకుండా క్లిప్పు ఒక్కటే కొని ధైర్యంగా ఉండటాన్ని మేం ఒప్పుకోం. రెండు అంకెలూ పక్కపక్కన ఉంటేనే తల్లి బిడ్డకు ఏమి పంపుతోందో తెలుస్తుంది.

వాడే పద్ధతి: ఐదు నిమిషాలు కూర్చున్నాక చూడాలి. నెలలు పెరిగాక వెల్లకిలా పడుకోబెట్టి చూడొద్దు, గర్భసంచి బరువు పెద్ద సిరను నొక్కి బీపీ పడిపోతుంది. కూర్చున్నా సరే, ఎడమ పక్కకు ఒత్తిగిలినా సరే. బీపీ పట్టీ కట్టిన చేతికి క్లిప్పు పెట్టొద్దు, పట్టీ బిగిసినంతసేపూ నాడి అందదు. అంకె పక్కన ఎగిసిపడే గీత నిలకడగా ఉండాలి. అర నిమిషం నుంచి నిమిషం ఆగి, కుదుటపడిన అంకెనే రాసుకోవాలి. చెట్టు కింద క్యాంపు పెట్టినప్పుడు సూటిగా ఎండ పడితే అంకె గెంతుతుంది, చేతి మీద చీర కొంగు కప్పితే చాలు. సీమంతం రోజుల్లో మరో చిక్కు ఉంది. ఎర్రగా పండిన గోరింటాకుతో పెద్ద తేడా రాదు, కానీ నల్లటి కోన్ పెట్టుకున్న వేలు వెలుతురును అడ్డుకుంటుంది. నలుపు, నీలం, ఆకుపచ్చ నెయిల్ పాలిష్ కూడా అంతే. గోరు మీద ఉన్నది తుడిచేయాలి, కుదరకపోతే క్లిప్పును గోటికి అడ్డంగా పక్కల నుంచి తగిలేలా పెట్టాలి.

చర్మం రంగు సంగతి దాచిపెట్టకూడదు. చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ ఎర్రటి వెలుతురును తినేస్తుంది. 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అమెరికా లెక్కల్లో, క్లిప్పు 92 నుంచి 96 చూపిస్తున్నా రక్తంలో నిజానికి 88 కంటే తక్కువ ఉన్నవాళ్లు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవాళ్లలో 3.6 శాతం. చామనఛాయ నుంచి నలుపు దాకా ఉన్న మన జనానికి ఇది నేరుగా వర్తించే హెచ్చరిక. అంకె సరిహద్దులో ఉంటే, అసలు అంతకంటే తక్కువే ఉండొచ్చనే అనుమానంతో నడుచుకోవాలి. మా సలహా: 95 కంటే తక్కువ వస్తే వేలు మార్చి మళ్లీ చూడండి, రెండోసారీ 94 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే ఆసుపత్రికి. బీపీ పెరిగిన గర్భిణిలో 93 కంటే కిందికి పోవడం ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్న సూచన కావచ్చు. అక్కడ తెల్లవారేదాకా ఆగకూడదు, 108కి ఫోన్ చేయాలి.

కొనేటప్పుడు షాపులోనే పెట్టెలోంచి తీయించి, మీ వేలి నాడిని గడియారం చూసి నిమిషం లెక్కపెట్టి క్లిప్పు చూపించే నాడితో పోల్చండి. ఐదుకు మించి తేడా ఉంటే వద్దు. పెట్టె మీద ఎమ్మార్పీ చూసి బేరమాడండి. 2021 జూలైలో కేంద్రం ఆక్సిమీటర్ల మీద వ్యాపారుల లాభానికి కొంతకాలం పాటు 70 శాతం హద్దు పెట్టింది. ఇంట్లో వాడకానికి ఐదుకు మూడు, అది కూడా బీపీ, ఆయాసం, గుండె జబ్బు ఉన్న గర్భిణికి. మిగతావాళ్లు ఆ డబ్బు తిండికి పెట్టుకోవడం మంచిది.

ఇదే వెలుతురు క్లిప్పు లేబర్ రూములో మాత్రం ఇంకో పెద్ద పని చేస్తుంది. మనవాళ్లు బెల్టు పరీక్ష అనే సీటీజీకి ఇది తోడు. సీటీజీ బిడ్డ గుండెను అల్ట్రాసౌండ్‌తో వింటుంది, వెలుతురుతో కాదు. నిమిషానికి 110 నుంచి 160 మామూలు. ఇబ్బంది ఎక్కడంటే, బెల్టు కాస్త జరిగితే బిడ్డ గుండెకు బదులు తల్లి పొట్టలోని రక్తనాళం చప్పుడు అందుకుంటుంది. నొప్పులు ముదిరి, ముక్కే దశలో తల్లి నాడి 120, 130 దాకా పోతుంది. కాగితం మీద చూస్తే చక్కటి బిడ్డ గుండెలాగే ఉంటుంది. లోపల బిడ్డ నలిగిపోతున్నా తెలియదు.

దీన్ని పట్టే గుర్తు ఒకటుంది. నొప్పి వచ్చినప్పుడల్లా గీత పైకి లేస్తుంటే అనుమానించాలి. నొప్పిలో తల్లి నాడి పెరుగుతుంది, ఆ దశలో బిడ్డ గుండె వేగం సాధారణంగా తగ్గుతుంది. తల్లి వేలికి క్లిప్పు పెట్టి, ఆ నాడిని అదే కాగితం మీద రెండో గీతగా వేయించే సౌకర్యం ఉన్న సీటీజీ అయితే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడగానే మిషనే హెచ్చరిస్తుంది. అప్పుడు బెల్టు సర్ది, చేతి డాప్లర్‌తోనో (గుండె చప్పుడు వినిపించే చిన్న మిషన్) స్కానింగ్‌తోనో బిడ్డ గుండెను విడిగా ఖాయం చేసుకోవాలి. మార్కాపురం, కావలి, ఆత్మకూరు లాంటి చోట్ల కొత్త సీటీజీ కొనాలనుకునే నర్సింగ్ హోములకు గట్టిగా చెప్పేది ఇదే: తల్లి నాడికి ప్లగ్ లేని మిషన్ చవగ్గా వస్తున్నా తీసుకోవద్దు. ఉన్న పాత మిషన్‌కు ఆ ప్లగ్ లేకపోతే, మామూలు వేలి క్లిప్పునే పెట్టి 15 నిమిషాలకోసారి తల్లి నాడిని కాగితం మీద పెన్నుతో రాయండి. పని జరుగుతుంది.

కాగితం గురించి రెండు మాటలు. సీటీజీది థర్మల్ కాగితం. ఎండలో, వేడి బీరువాలో గీతలు వెలిసిపోతాయి. కాన్పు అయిన వెంటనే జిరాక్స్ తీసి కేస్ షీట్‌కు కలపాలి, లేదా ఫోటో తీసి ఆసుపత్రి కంప్యూటర్‌లో దాచాలి. కాగితం వేగం నిమిషానికి ఒక సెంటీమీటరుకు అలవాటు పడ్డ కన్ను, 3 సెంటీమీటర్లకు మార్చిన కాగితాన్ని చూస్తే ఒడిదుడుకులు తగ్గినట్టు భ్రమ పడుతుంది. డ్యూటీ మారినప్పుడు వేగం చూసుకోవాలి. తల్లి నాడి గీసే సీటీజీకి ఐదుకు నాలుగు.

ఫోన్ ఫ్లాష్ మీద వేలు పెడితే బిడ్డ గుండె వినిపిస్తామనే యాప్‌లకు సున్నా. వేలి కొసలో బిడ్డ రక్తం ఉండదు, అక్కడ పలికేది తల్లి నాడే. బిడ్డ కదలికలు తగ్గాయనిపిస్తే ఎడమ పక్కకు తిరిగి పడుకుని లెక్కపెట్టండి. 2 గంటల్లో 10 కదలికలు అందకపోతే ఏ ఇంటి పరికరమూ చూడకుండా నేరుగా బెల్టు పరీక్షకు వెళ్లండి.

వెలుతురుతో బిడ్డనే నేరుగా చూసే ప్రయత్నాలు కొత్తవి కావు. 1961లో న్యూజిలాండ్ డాక్టరు విలియం లైలీ, తల్లీబిడ్డల ఆర్‌హెచ్ గ్రూపు తేడా వల్ల బిడ్డ రక్తం విరిగిపోతుంటే ఉమ్మనీరు పసుపెక్కుతుందని గమనించి, ఆ పసుపును 450 నానోమీటర్ల దగ్గర కొలిచి మూడు మండలాల పటం గీశాడు. ఆ నీరు తీసిన సీసాకు వెలుతురు తగిలితే ఆ పసుపు పదార్థం బిలిరుబిన్ విరిగిపోయి బిడ్డ బాగున్నట్టు తప్పుడు ఫలితం వచ్చేది, అందుకే గోధుమరంగు సీసా వాడేవారు. ఇప్పుడు పొట్టలోకి సూది అక్కర్లేకుండా బిడ్డ మెదడు నాళంలో రక్తవేగాన్ని డాప్లర్‌తో చూసి అదే సంగతి చెబుతున్నారు. మీ గ్రూపు నెగటివ్ అయి, బిడ్డ రక్తం విరుగుతోందన్న అనుమానం ఉంటే అడగాల్సింది ఈ డాప్లర్ స్కాన్‌నే. దాదాపు అదే కాలంలో, 1962లో, బెర్లిన్‌లో ఎరిక్ సాలింగ్ గర్భసంచి ముఖద్వారం గుండా దీపం గొట్టం పెట్టి, సంచి పగలకముందే ఉమ్మనీటి రంగు చూశాడు. బిడ్డ లోపలే మలం చేసిందా లేదా అన్నది ఆకుపచ్చ రంగు చెబుతుంది.

అసలు పాఠం ఆక్సిఫస్ట్ అనే పరికరానిది. దాన్ని నెల్‌కోర్ తయారుచేసింది, 2000 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. ఉమ్మనీరు పోయాక, ముఖద్వారం కనీసం 2 సెంటీమీటర్లు తెరుచుకున్నాక, పలచటి పట్టీలాంటి సెన్సరును లోపలికి పంపి బిడ్డ చెంపకో కణతకో ఆనించేవారు. పెద్దల క్లిప్పులో 660 నానోమీటర్ల ఎరుపు ఉంటే ఇందులో 735, 890 వాడారు. కడుపులో బిడ్డ ఆక్సిజన్ శాతం మామూలుగానే 30 నుంచి 70 మధ్య ఉంటుంది, అంత తక్కువ అంకెల దగ్గర ఆ జత కచ్చితంగా చదువుతుంది. ఇందులో ఇంజనీరింగ్ గొప్పది. 30 శాతం కంటే కింద పది నిమిషాలు ఉండిపోతే ప్రమాదమని గీత గీశారు. బిడ్డ తల వెంట్రుకలు, ఒంటి మీది తెల్లటి వెన్న, ఉబ్బిన నెత్తి, ఆకుపచ్చ ఉమ్మనీరు అడ్డుపడి సుమారు మూడింట రెండొంతుల సమయమే సిగ్నల్ దొరికేది.

మరి ఉపయోగపడిందా? 2000లో వచ్చిన మొదటి పెద్ద పరీక్షలో 1,010 మంది తల్లులు ఉన్నారు. బిడ్డ గుండె బాగాలేదన్న కారణంతో చేసిన సిజేరియన్లు 10.2 శాతం నుంచి 4.5 శాతానికి పడిపోయాయి. అక్కడ ఆగితే పండగే. కానీ కాన్పు ముందుకు సాగడం లేదన్న కారణంతో చేసినవి పెరిగి, మొత్తం సిజేరియన్లు తగ్గలేదు. 2006లో 5,341 మందితో చేసిన పరీక్ష తేల్చేసింది. అందరికీ సెన్సరు పెట్టారు, సగం మందిలో డాక్టరుకు అంకె కనిపించేలా, సగం మందిలో కనిపించకుండా. సిజేరియన్లు ఒకవైపు 26.3 శాతం, మరోవైపు 27.5 శాతం, అంటే తేడా లేదు. బిడ్డల ఆరోగ్యంలోనూ తేడా లేదు. పరికరం మార్కెట్ నుంచి పోయింది. అంకె సరిగ్గా చదవడం వేరు, ఆ అంకె చూసి తీసుకునే నిర్ణయం తల్లీబిడ్డలకు మేలు చేయడం వేరు. రెండోది నిరూపించనిదానికి లేబర్ రూములో చోటు లేదు.

ఇప్పుడు ఆశ పెట్టుకోదగ్గది పొట్ట మీది ఆక్సిమీటరు. లోపలికి ఏమీ పంపరు. రాత్రి టార్చి మీద అరచెయ్యి మూస్తే ఎర్రటి వెలుతురు చెయ్యి దాటి వస్తుంది కదా, అదే పని సుమారు 700 నుంచి 900 నానోమీటర్ల వెలుతురుతో పొట్ట మీద చేస్తారు. ఆ మధ్యలో రక్తమూ నీరూ వెలుతురును తక్కువ తింటాయి. 2000 ప్రాంతంలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో బ్రిటన్ చాన్స్ బృందం దీనికి దారి వేసింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖవాళ్లు చూలుతో ఉన్న గొర్రెల మీద పరీక్షించారు. రేడియంట్ ఆక్సిమెట్రీ అనే కంపెనీ లుమేరా పేరుతో పరికరం తయారుచేస్తోంది. 2022లో పెన్సిల్వేనియావాళ్లే, స్కానింగ్‌నూ వెలుతురునూ ఒకే ప్రోబ్‌లో కలిపి, మాయలోని ఆక్సిజన్‌ను బయటి నుంచి కొలిచి చూపించారు. మాయ ముందువైపు అతుక్కున్న తల్లుల్లోనే అది చేశారు.

కష్టమంతా లోతులో ఉంది. వెలుతురు పంపే చోటుకూ అందుకునే చోటుకూ మధ్య ఎంత దూరం ఉంటే, అందులో సగమో మూడో వంతో లోతు నుంచే సమాచారం వస్తుంది. బిడ్డ 4 సెంటీమీటర్ల లోతున ఉంటే రెండింటి మధ్య 8 నుంచి 12 సెంటీమీటర్లు ఉండాలి. అంతదూరం వెళ్లాక తిరిగొచ్చే వెలుతురు అణుమాత్రం. వెలుతురు బలం పెంచుదామంటే చర్మానికి హద్దు ఉంది, 850 నానోమీటర్ల దగ్గర చదరపు సెంటీమీటరుకు 0.4 వాట్లు. తిరిగొచ్చిన ఆ కాస్తలో కూడా చాలా భాగం తల్లి చర్మం, కొవ్వు, గర్భసంచి గోడ నుంచి వచ్చినదే. అందుకని ఒక అందుకునే కన్నును దగ్గరగా పెట్టి తల్లి వాటాను విడిగా కొలుస్తారు, దూరపు కన్ను నుంచి దాన్ని తీసేస్తారు.

నాడులను విడదీయడం ఇంకో తలనొప్పి. తల్లి గుండె నిమిషానికి 75 కొట్టుకుంటే, ఆ అల రెండో మెట్టు, అంటే దానికి రెట్టింపు, సరిగ్గా 150 దగ్గర పడుతుంది. అది బిడ్డ గుండె ఉండే చోటే. డాప్లర్‌తో బిడ్డ గుండెను విడిగా విని, దానికి తాళం కలిపిన వెలుతురునే లెక్కించకపోతే తల్లి ఆక్సిజన్‌నే బిడ్డదని చూపించే ప్రమాదం ఉంది. మాయ ముందువైపు ఉంటే తల్లి రక్తం, బిడ్డ రక్తం కలగలిసి కనిపిస్తాయి. పొట్ట మీద కొవ్వు ఎక్కువున్నవాళ్లలో, ఒంటిరంగు ముదురుగా ఉన్నవాళ్లలో సిగ్నల్ ఇంకా పలచబడుతుంది. ఇవన్నీ దాటినా, ఆక్సిఫస్ట్ దగ్గర ఆగిన ప్రశ్న ఇక్కడా ఎదురుచూస్తూనే ఉంటుంది. అందుకే దీనికి మార్కులు వేయడం లేదు, పరిశోధన మాత్రం సాగాలని మనసారా కోరుకుంటున్నాం.

రేపు ఎవరైనా ఏజెంటు ఇలాంటి పరికరంతో నెల్లూరుకో ఒంగోలుకో వస్తే, ఆసుపత్రి యజమానులు ఈ ప్రశ్నలు కాగితం మీద పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. 30 నుంచి 70 శాతం మధ్య దీని అంకెను ఏ రక్తపరీక్షతో పోల్చారు? ముదురు రంగు చర్మం ఉన్న తల్లులు ఆ పరీక్షలో ఎంతమంది? మాయ ముందువైపు ఉంటే మిషన్ చెప్పేస్తుందా, లేక అంకె చూపిస్తూనే ఉంటుందా? సిగ్నల్ లేని సమయంలో తెర ఖాళీగా ఉంటుందా, పాత అంకెనే పట్టుకుని కూర్చుంటుందా? లోతు చూడటానికి స్కానింగ్ ప్రోబ్ కలిసి ఉంటే లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద మిషన్ రిజిస్ట్రేషన్, ఫారం ఎఫ్ సంగతి ఎవరు చూస్తారు? కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పత్రం ఎక్కడ? వీటిలో ఒక్కదానికి జవాబు తప్పించినా, ఆ డబ్బుతో రెండు హీమోగ్లోబిన్ మీటర్లు, ఏడాదికి సరిపడా క్యూవెట్లు, తల్లి నాడి గీసే సీటీజీ కొనండి.